సమస్య: “దొంగవిద్య విడుచు దొంగ గెలుచు”

ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. పై మూడు పాదాలు మీవి.

సందర్భం ఇది. హన్మకొండలో మాతో ఆదివారాలు డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ, పాత్రలుగా మారి కథ నడిపే ఆట) ఆడే చెల్లె ఒకామె రోగ్ (దొంగ) పాత్ర ఐదో లెవెల్‌కు వచ్చింది. కథ నడిచేది రుద్రమ కాలపు ఓరుగల్లులో. మట్టికోట దాటి, రాతికోట ఎక్కి, లోపలికి దూరే దొంగ ఆమెది. ఆరో లెవెల్ కూడా రోగ్‌గానే తీసుకోవాలా, మల్టీక్లాస్ చేసి ఇంకో విద్య పట్టాలా అని ఆమెకు ఒకటే టెన్షన్. మేం ఆడేది పాత 2014 రూల్స్‌తో కాదు, సవరించిన 2024 రూల్స్‌తో. యతి తప్పనిసరి, ప్రాసయతి చెల్లుతుంది. పద్యం ఛందస్సుకే కాదు, ఆట రూల్‌కు కూడా నిలవాలి.

కాజీపేట మిత్రుడు:

ఐదు మెట్లు దాఁటి యాయుధంబును బట్టి
వీరవిద్య నేర్చి వేటకేగి
ఒక్క వంతులోన నుభయ ఘాతము లేయ
దొంగవిద్య విడుచు దొంగ గెలుచు.

“రెండు లెవెల్స్ ఫైటర్ (యోధుడు) తీసుకుంటే యాక్షన్ సర్జ్ వస్తుంది. ఒకే వంతులో ఇంకోసారి కొట్టొచ్చు.”

నా మాట: తమ్మి, నడక బాగుంది. ఐ-ఆ, ఒ-ఉ స్వరయతులు చక్కగా కుదిరాయి. “వేటకేగి” మాత్రం పాదం నింపడానికే వచ్చింది. “వెనుకఁ జేరి” అంటే యతి చెడదు, రోగ్ పని కూడా కళ్లకు కడుతుంది. అసలు చిక్కు అర్థంలో ఉంది. స్నీక్ అటాక్, అంటే అదను చూసి కొట్టి అదనపు పాచికల దెబ్బ వేసే రోగ్ విద్య, ఒక వంతుకు ఒక్కసారే. రెండో దెబ్బ పడినా ఆ అదనపు పాచికలు మళ్లీ రావు. మొదటి దెబ్బ తప్పితే రెండో అవకాశం దొరుకుతుంది, అంతే. ఆ అవకాశం రెండు చేతుల్లో రెండు చురకత్తులు పట్టిన రోగ్‌కు ఇప్పటికే ఉంది. ఏడో లెవెల్ రోగ్‌కు స్నీక్ అటాక్ నాలుగు పాచికలు. ఐదు రోగ్, రెండు ఫైటర్ అయితే మూడు దగ్గరే ఆగుతుంది.

జనగామ అన్న:

పదునొకండు మెట్ల పైనిల్చువానికిఁ
బాచికైన తోడుపడును గాని
నడుమ దారి మార నమ్మిక చెడు, నెట్లు
దొంగవిద్య విడుచు దొంగ గెలుచు?

మూడో పాదం చివర “ఎట్లు” పెట్టి సమస్యను ప్రశ్నగా తిప్పేశారు. పాత పద్ధతే అయినా ఇక్కడ ఎంతో సహజంగా కుదిరింది. “నమ్మిక” అన్నది రిలయబుల్ టాలెంట్ గురించి. పట్టున్న నైపుణ్యంలో ఇరవై ముఖాల పాచిక మీద తొమ్మిదీ అంతకు తక్కువా పడితే పదిగా లెక్కించే వరం అది. తాళం తీయడానికీ, గోడ ఎక్కడానికీ, నక్కి ఉండడానికీ దాన్ని మించింది లేదని నేను గట్టిగా నమ్ముతాను.

పరకాల అక్క సవరణ: “అన్నా, పదకొండు 2014 లెక్క. 2024లో అది ఏడుకే వచ్చింది. ‘ఏడు మెట్ల మీఁద నెక్కిన వానికిఁ’ అనండి, యతి కూడా నిలుస్తుంది.”

నిలుస్తుంది. ఈ సవరణతో పద్యం బలం రెట్టింపైంది. ఐదు దగ్గర నిలబడ్డ మనిషికి ఏడు రెండడుగుల దూరమే. ఇప్పుడు పక్కకు తిరిగితే రిలయబుల్ టాలెంట్, ఎవేషన్ (పేలుళ్లలాంటి వాటి దెబ్బ తప్పించుకునే నేర్పు) రెండూ ఒకేసారి వెనక్కి జరుగుతాయి.

భూపాలపల్లి తమ్ముడు, కొత్తగా రాస్తున్నాడు:

కత్తి బట్టు చేత మంత్రమ్ము బట్టిన
గూబ యొకటి తోడు గూడి వచ్చు
పైనఁ దిరుగు గూబ పగవాని మఱపింప
దొంగవిద్య విడుచు దొంగ గెలుచు.

మొదటి పాదంలో యతి లేదు: క-మ కుదరవు. “కత్తి బట్టు చేతఁ గైకొన్న మంత్రాన” అంటే సరి. ఊహ మాత్రం నాకు చాలా నచ్చింది. ఒక్క లెవెల్ విజార్డ్ (మాంత్రికుడు) తీసుకుని మంత్రంతో గుడ్లగూబను పిలిస్తే, అది శత్రువు దృష్టి మళ్లిస్తుంది, దొంగకు స్నీక్ అటాక్ దొరుకుతుంది. అయితే పైన తిరిగితే చాలదు, శత్రువుకు ఐదడుగుల లోపు రావాలి. “పక్క నిలిచి యదియె పగవాని మఱపింప” అను. “గూబ” రెండోసారి రావడం కూడా తప్పుతుంది. విజార్డ్ కావాలంటే పాత్రకు తెలివి అంకె 13 ఉండాలి. మన చెల్లె పాత్రకు అంత లేదు. పైగా కదలకుండా గురిపెడితే మూడో లెవెల్ నుంచే రోగ్‌కు ఆ వెసులుబాటు ఉంది. తమ్మి, రాయడం ఆపకు. రూల్‌ను బొమ్మగా మార్చింది ఈ పూరణ ఒక్కటే.

చివరికి ప్రశ్న అడిగిన చెల్లె పూరణ:

కోట కాచు పనికిఁ గుదిరిన నాఁడెపో
కొల్లగొట్టు బుద్ధి కూలిపోయె
రాణి నమ్మకంబె రతనాల మూటగా
దొంగవిద్య విడుచు దొంగ గెలుచు.

“లెక్కలు పక్కన పెట్టి రాశాను. మొన్నటి ఆటలో నా దొంగ రాతికోటలో పట్టుబడింది. శిక్షకు బదులు తోరణం దగ్గర కాపలా పని ఇచ్చారు. ఆ తర్వాత దొంగతనం చేయించడానికి నాకే మనసు రాలేదు.”

ఇంతవరకు వచ్చినవాటిలో ఇదే ఉత్తమం. సమస్యలోని విరోధం ఏ చమత్కారం లేకుండా దానంతటదే విడిపోయింది. పాత్ర మారింది కాబట్టి విద్య మారాలి. మల్టీక్లాస్‌కు ఇంతకంటే గట్టి కారణం నాకు కనిపించదు.

జనగామ అన్న: “చెల్లే, శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. ‘రాజు నమ్మకంబె’ అంటే గణం, యతి రెండూ అట్లనే ఉంటయి, కాలానికీ దగ్గరగా ఉంటది.”

చెల్లె: “తప్పకుండా మారుస్తాను అన్నా. ఏడు వరకు రోగ్‌గానే ఉండి, ఎనిమిదోది ఫైటర్ తీసుకుంటా. కాపలావాళ్ల బరువు కవచం అప్పుడు తొడగొచ్చా?”

తొడగలేవు. మధ్యలో ఫైటర్‌లోకి వచ్చినవాళ్లకు తేలిక, మధ్యరకం కవచాలు, డాలు, యుద్ధాయుధాలు మాత్రమే వస్తాయి. ఎనిమిదో రోగ్ లెవెల్‌తో వచ్చే ఫీట్ (అదనపు నేర్పు) కూడా ఒక మెట్టు వెనక్కి పోతుంది. అది సమ్మతమైతే వచ్చే ఆదివారం పాత్ర పత్రం తీసుకురా, కూర్చుని రాసేద్దాం.