పాత కాంబీకి పాయింట్లే ఉంచాలా, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాలా?

బే విండో (ఫ్రీమాంట్, కాలిఫోర్నియా)

మాది 1971 ఫోక్స్‌వ్యాగన్ కాంబీ వ్యాన్. 1600 సీసీ డ్యూయల్ పోర్ట్ ఇంజన్, 34 పిక్ట్-3 కార్బొరేటర్. అమెరికాలో 1972 మోడల్ నుంచి 1700 సీసీ ఇంజన్ వచ్చింది కాబట్టి, ఈ పాత రకం ఇంజన్‌తో ఇక్కడ అమ్మిన చివరి ఏడాది బండి ఇది.

ఇంటి దగ్గర ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. లివర్‌మోర్ గుడికి బయలుదేరితే సునోల్ ఎత్తు ఎక్కేసరికి మిస్సింగ్ మొదలై, కాసేపటికి ఆగిపోతుంది. అరగంట చల్లారితే మళ్ళీ మామూలే. పోయిన ఆదివారం అమ్మానాన్నలు బండిలో ఉండగా 680 ఫ్రీవే పక్కన ఎండలో నిలబడ్డాం. ఈ టెన్షన్ ఇక నావల్ల కాదు. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంటు పంచే పరికరం) క్యాప్, రోటర్ అన్నీ కొత్తవి వేశాను. స్పార్క్ రావడానికి కరెంటు తెంచే స్విచ్ మాత్రం ఇంకా పాత పాయింట్లే. "పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ మాడ్యూల్ పెట్టు, పీడ వదులుతుంది" అన్నారు ఇక్కడి మెకానిక్ ఒకాయన. పెట్టమంటారా?

సోల్డర్ ఐరన్ (ఆస్టిన్)

కళ్ళు మూసుకుని పెట్టేయండి అన్నా. పాయింట్లంటే నిమిషానికి వేలసార్లు తెరుచుకుని మూసుకునే స్విచ్. ప్రతిసారీ కొంచెం కాలుతుంది. క్యామ్ మీద రాసుకునే ఫైబర్ ముక్క అరుగుతుంది, గ్యాప్ తగ్గుతుంది, టైమింగ్ (స్పార్క్ వచ్చే సమయం) వెనక్కి జారుతుంది. మాడ్యూల్ అదే పని ఎలక్ట్రానిక్‌గా చేస్తుంది, అందులో అరిగే భాగమే లేదు. షాఫ్ట్ కొంచెం ఆడుతున్నా పాయింట్లంత ఇబ్బంది పడదు. మా బీటిల్‌కి పెట్టి ఆరేళ్ళయింది, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ విప్పిన రోజే లేదు.

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

ఇరవై రెండేళ్ళు ఆటోనగర్‌లో అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు చేశాను. కాంబీ ఎప్పుడూ చేయలేదు, కానీ పాయింట్లు, అవి కాలకుండా కాపాడే కండెన్సర్, ప్లగ్గుకి పెద్ద వోల్టేజి తయారుచేసే కాయిల్ ఏ బండిలోనైనా అవే.

అబ్బాయ్, జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మందు మార్చకు. బండి ఆగిన నిమిషంలోనే, చల్లారకముందే రెండు పనులు చెయ్యి. ఎయిర్ క్లీనర్ తీసి కార్బొరేటర్ గొంతులోకి చూస్తూ యాక్సిలరేటర్ లివర్ లాగు. పెట్రోలు పిచికారీ కొడితే కార్బొరేటర్‌లో పెట్రోలు ఉన్నట్టే. కొట్టకపోతే నీ గొడవ ఇగ్నిషన్‌ది కాదు, వేడికి పైపులో పెట్రోలు ఆవిరైపోతూ ఉండొచ్చు. రెండోది, ఒక పాత ప్లగ్గుని వైరుకి తగిలించి, దాని ఒంటిని ఇంజన్ లోహానికి ఆనించి సెల్ఫ్ కొట్టించు. స్పార్క్ నీలంగా, చిటపటమంటూ రావాలి. పసుపుగా, పీలగా వస్తే కాయిల్, కండెన్సర్, లేదా వైరు. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే కండెన్సర్లు చాలా చూశాను. పాయింట్ల మొహాలు నల్లగా కాలి ఉంటే ముందు కండెన్సర్‌నే అనుమానించు.

సోల్డర్ ఐరన్

బాబాయ్ గారూ, మీరన్న పరీక్షలు చేయాల్సిందే, కాదనను. కానీ కండెన్సరే దొంగ అయితే మాడ్యూల్ పెట్టగానే అది కూడా పోతుంది కదా. పాయింట్లు, కండెన్సర్ రెండూ ఒక్క దెబ్బతో పోతాయి. ఇప్పుడు దొరికే కండెన్సర్ల నాణ్యత మీద నాకైతే నమ్మకం లేదు.

ఆటోనగర్ బాబాయ్

పోతుంది, నిజమే. దొంగ కండెన్సర్ కాకపోతే? కాయిల్‌కి కరెంటే సరిగా రావడం లేదనుకో, పాయింట్లు ఆ కొద్దిపాటి కరెంటుతోనే ఎలాగో లాక్కొస్తాయి. మాడ్యూల్‌కి వోల్టేజి ఒక హద్దు దాటి పడిపోతే మొత్తానికే పని చేయదు. పాయింట్లు చచ్చేముందు నాలుగు రోజులు మూలుగుతాయి. దారిలో చిన్న ఆకురాయితో గీకి, విజిటింగ్ కార్డు మందాన గ్యాప్ పెట్టి ఇంటికి రావచ్చు. మాడ్యూల్ పోతే టో బండే గతి.

నెల్లూరు అమ్మాయి (మెల్‌బోర్న్)

మాకూ 1974 కాంబీ ఉంది. బే విండో అన్నా, డిస్ట్రిబ్యూటర్ ఏ రకమో చెప్పలేదు మీరు. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న అదే. పక్కన గుండ్రటి వాక్యూమ్ డబ్బా ఉందా, లేదా?

బే విండో

లేదమ్మా. 009 రకం డిస్ట్రిబ్యూటర్ అని పాత ఓనర్ చెప్పాడు. సిగ్నల్ దగ్గర నుంచి కదిలేటప్పుడు ఒక్క క్షణం తడబడుతుంది కూడా.

నెల్లూరు అమ్మాయి

ఆ తడబాటు 009 వల్లే అయి ఉంటుంది. అడ్వాన్స్ అంటే స్పార్క్ ముందుగా రావడం. అందులో ఉన్నది సెంట్రిఫ్యూగల్ అడ్వాన్స్ ఒక్కటే. ఇంజన్ వేగం పెరిగితేనే టైమింగ్ ముందుకు జరుగుతుంది. మీ కార్బొరేటర్‌ని వాక్యూమ్ అడ్వాన్స్ (ఇంజన్ గాలి పీల్పుని బట్టి టైమింగ్ మార్చేది) ఉన్న డిస్ట్రిబ్యూటర్‌తో కలిసి పనిచేసేలా తయారు చేశారు. 009లో పాయింట్లు పెట్టినా మాడ్యూల్ పెట్టినా ఆ తడబాటు పోదు. అందుకే ఈ వాదన సగమే అంటాను. డబ్బులు పెట్టేదేదో వాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్ మీద పెట్టండి. పాతది దొరికితే లోపల కదిలే ప్లేటుకి ఎర్త్ ఇచ్చే చిన్న జడవైరు తెగలేదని చూసుకోండి. అది తెగితే వచ్చే మిస్సింగ్ పట్టుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది.

టైమింగ్ చెవితో పెట్టకండి. ముందు డ్వెల్ (పాయింట్లు మూసుకుని ఉండే కోణం), తర్వాత టైమింగ్. గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, డ్వెల్ 44 నుంచి 50 డిగ్రీల మధ్య. 009 ఉన్నన్నాళ్ళూ టైమింగ్ లైట్ పెట్టి, ఇంజన్ నిమిషానికి 3500 చుట్ల దగ్గర తిరుగుతుండగా మొత్తం అడ్వాన్స్ 30 డిగ్రీలు దాటకుండా చూడండి. గాలితో చల్లారే ఇంజన్ ఇది. అడ్వాన్స్ ఎక్కువై నాకింగ్ (పెట్రోలు అదుపు తప్పి మండి టకటక కొట్టడం) వస్తే హెడ్లు పాడవుతాయి, మీకు ఆ చప్పుడు వినపడకపోవచ్చు కూడా.

సోల్డర్ ఐరన్

అక్క చెప్పింది ఒప్పుకుంటున్నాను. అన్నా, మల్టీమీటర్ ఉంటే ఇగ్నిషన్ ఆన్ చేసి, పాయింట్లు మూసుకుని ఉన్నప్పుడు కాయిల్ 15 నంబర్ టెర్మినల్ (తాళం నుంచి కరెంటు వచ్చే కొస) దగ్గర వోల్టేజి కొలవండి. తెరిచి ఉన్నప్పుడు కొలిస్తే కాయిల్‌లో కరెంటు పారదు, అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కొలవగానే తాళం ఆపేయండి, లేకపోతే కాయిల్ వేడెక్కుతుంది.

బే విండో

నిన్న సాయంత్రం కావాలనే సునోల్ ఎక్కించాను. ఆగింది. పెట్రోలు పిచికారీ బాగానే కొట్టింది. ప్లగ్గు దగ్గర స్పార్క్ పసుపుగా, పీలగా ఉంది. అక్కడే మీటర్ పెట్టాను. బ్యాటరీ దగ్గర 12.4, కాయిల్ దగ్గర 9.9!

సోల్డర్ ఐరన్

దొరికింది! కాయిల్‌లో నిల్వయ్యే శక్తి కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. వోల్టేజి 20 శాతం పడితే శక్తి 36 శాతం పోతుంది. కాయిల్ వేడెక్కితే దాని తీగ నిరోధం పెరిగి కరెంటు ఇంకా తగ్గుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి ఎక్కువ, ప్లగ్గుకి వోల్టేజి ఎక్కువ కావాలి. సరిగ్గా అక్కడే చేతులెత్తేస్తోంది.

కాంబీలో బ్యాటరీ వెనకే, కాయిల్ కూడా వెనకే. కరెంటు మాత్రం ముందున్న తాళం దాకా వెళ్ళి, మళ్ళీ బండి పొడవునా వెనక్కి రావాలి. యాభై ఏళ్ళు దాటిన వైర్లు, తుప్పు పట్టిన కనెక్టర్లు. పైగా ఆటోమేటిక్ చోక్‌కీ, కార్బొరేటర్‌లోని ఐడిల్ సోలెనాయిడ్‌కీ కూడా ఆ 15 నంబర్ నుంచే వైరు వెళ్తుంది. వెనక ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని నడిపే స్విచ్) పెట్టండి. కాయిల్‌కి వచ్చే నల్ల వైరు తీసి రిలే 86 నంబర్ కాలికి, 85 ఎర్త్‌కి, 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు వేసి లావు వైరు, 87 నుంచి కాయిల్‌కి.

బాబాయ్ గారూ, ముందు కొలవకుండా మాడ్యూల్ పెట్టేయమన్నాను. అది నా తప్పే.

ఆటోనగర్ బాబాయ్

తప్పేముంది నాయనా, మీటర్ ఎలా పెట్టాలో చెప్పింది నువ్వే. అబ్బాయ్, రిలే పెట్టాక ఆ తాళం స్విచ్ కూడా మార్చు. అది వేడెక్కుతోందంటే ఇవాళ కాయిల్, రేపు ఇంకేదో.

బే విండో

రిలే పెట్టాను. కనెక్టర్లు రుద్ది శుభ్రం చేశాను. స్విచ్ ఆర్డర్ పెట్టాను. కాయిల్ దగ్గర ఇప్పుడు 12.1. నిన్న అమ్మానాన్నలతో గుడికి వెళ్ళొచ్చాం, సునోల్ మీద ఒక్కసారీ మిస్ కాలేదు. పాయింట్లు, కండెన్సర్ కొత్తవి వేసి, పాతవి డ్యాష్‌బోర్డులో ఉంచాను. మాడ్యూల్ ఇప్పుడే కొనను. ఆ డబ్బుతో వాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్ వెతుకుతున్నాను. సిగ్నల్ దగ్గర తడబాటు మాత్రం అలాగే ఉంది.

సోల్డర్ ఐరన్

చాలా సంతోషం అన్నా. అయినా నా మాట మీదే ఉన్నాను. ఇప్పుడు పూర్తి వోల్టేజి వస్తోంది కాబట్టి ఆ వాక్యూమ్ డిస్ట్రిబ్యూటర్‌లో మాడ్యూల్ హాయిగా పనిచేస్తుంది. పాయింట్లు ప్లేటుతో సహా విప్పి డ్యాష్‌బోర్డులో పెట్టుకోండి. ఎర్ర వైరు, నల్ల వైరు మాత్రం తారుమారు చేయకండి, ఆ క్షణమే కాలిపోతుంది.

ఆటోనగర్ బాబాయ్

నడుస్తున్న బండిని కెలకొద్దు. మూడు వేల మైళ్ళయ్యాక గ్యాప్ చూసి ఎంత మారిందో ఇక్కడ రాయి. అప్పుడు మాట్లాడుకుందాం.