సమస్యాపూరణం: ముడియె పడెను వరుని మెడను ముందు

సమస్య (ఆటవెలది పద్యపు నాలుగవ పాదం; ముందు మూడు పాదాలు చేర్చి దీనికి అర్థం కుదర్చడమే పూరణ)
ముడియె పడెను వరుని మెడను ముందు

తాళి ముడులు పడవలసింది వధువు మెడలో కాబట్టి, వరుడి మెడలోనే ముందుగా ముడి పడిందనడం పైకి అసంబద్ధంగా తోస్తుంది. ఈసారి బాసికం, కంకణం వంటివాటి జోలికి పోకుండా, సూటు ధరించిన వరుడి టై ముడితోనే పూరించాలని, ఏ దుస్తులకు ఏ ముడి నప్పుతుందో కూడా పద్యంలో ధ్వనింపజేయాలని సభ్యులను కోరుతున్నాను. పాదంలో ముడి–మెడ ప్రాసయతి (యతిస్థానంలో మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలవడం) చెల్లిన సంగతిని గమనించగలరు.

బాపట్ల మిత్రుల పూరణ

వెడద కాలరునకు విండ్సరే సొగసని
యన్న ముడిని వేసె నద్దమెదుట;
చర్చిలోన వధువు చరణమిడకమున్నె
ముడియె పడెను వరుని మెడను ముందు

వివరణ: మా వైపు క్రైస్తవ వివాహాలలో చాలాచోట్ల వరుడు సూటు ధరించి వచ్చి, చర్చిలోనే తాళి కడతాడు.

సమీక్ష: సందర్భం చక్కగా కుదిరింది. విండ్సర్ ముడి రెండు వైపులా సమానమైన త్రికోణంగా, వెడల్పుగా వస్తుంది కనుక, కాలరు మొనలు దూరదూరంగా ఉన్న చొక్కాలో ఆ ఖాళీని నింపి మెడ దగ్గరి గుండీని కప్పేస్తుంది. మొనలు దగ్గరగా ఉన్న కాలరులో మాత్రం అదే ముడి ఇరుక్కుని కాలరును పైకి నెడుతుంది. అందువల్ల మీ ‘వెడద’ అనే విశేషణం అలంకారం కాదు, అవసరం. అయితే సమస్యలో ‘ముందు’ ఉండగా మూడవ పాదంలో ‘మున్నె’ అనడం పునరుక్తి. ఇలా మార్చవచ్చు:

చర్చిలోన తాళి చల్లగా వేచగా

మరొక్క మాట. ఈ ముడి గుడ్డను ఎక్కువగా మింగుతుంది కాబట్టి, పొడగరి వరుడికి మామూలు టైతో వేస్తే కొస బెల్టు బకిలు దాకా రాకుండా పొట్ట మీదే ఆగిపోతుంది. అన్నగారు అద్దంలో ముడిని మాత్రమే చూశారేమో!

రాజమండ్రి సభ్యులు: తాళికి నిరీక్షణను అంటగట్టిన ఆ సవరణ మూలంకంటె బాగున్నదని నా అభిప్రాయం. మూలంలో వధువు వచ్చే దృశ్యమున్నా, సమస్యలోని విరోధానికి ఆయువుపట్టైన తాళి లేదు.

డాలస్ సోదరి పూరణ

దళసరైన పట్టు తానె ముడిని నింపు
చాలు చిన్న చుట్టె చాలు ననుచు
రేయి విందులోన రేపు పెండ్లియనగ
ముడియె పడెను వరుని మెడను ముందు

సమీక్ష: ఈ వారపు పద్యాలలో నాకు మిక్కిలి నచ్చినది ఇదే. విందు ముందురోజు రాత్రి జరిగిందనడంతో ‘ముందు’ అనే మాటకు కాలపరంగా పూర్తి సమర్థన దొరికింది. మొదటి పాదంలోని విషయానికి చరిత్రలో మంచి సాక్ష్యమున్నది: 1936లో బ్రిటన్ సింహాసనాన్ని వదులుకొని విండ్సర్ ప్రభువైన ఎనిమిదవ ఎడ్వర్డు పేరిట ఆ లావుపాటి ముడి ప్రసిద్ధికెక్కింది కాని, ఆయన వేసుకున్నది సాదా ఫోర్-ఇన్-హ్యాండ్ ముడి మాత్రమే. లోపల మందపాటి గుడ్డ పెట్టించి టైలు కుట్టించుకోవడం వల్ల ఆ చిన్న ముడే ఘనంగా కనిపించేది. అదే మాటను మీరు ‘తానె ముడిని నింపు’ అని మూడు పదాలలో చెప్పారు. దళసరి పట్టు టైకి విండ్సర్ వేస్తే గడ్డం కింద ముద్ద కట్టినట్లుంటుంది. దాని మీద గులాబీల దండ కూడా పడితే ఇక వరుడు మెడ తిప్పలేడు. ‘చాలు’ రెండుసార్లు రావడం కొందరికి పాదపూరణంగా తోచవచ్చు. ఇంటి పెద్ద వారిస్తున్న స్వరంగా నేను దానిని స్వీకరిస్తున్నాను.

హైదరాబాదు సభ్యుల పూరణ

నల్ల టక్సిడోకు సొగసైన బోటైయె
నప్పు; పొడవు టైలు నవ్వు దెచ్చు;
రెక్క విచ్చి నిలిచె రెండు వైపుల నది
ముడియె పడెను వరుని మెడను ముందు

సమీక్ష: మొదటి పాదంలో గణాలు సరిపోయాయి కాని, న–సొ యతి చెల్లదు. ‘నల్ల టక్సిడోకు నాజూకు బోటైయె’ అంటే దోషం తొలగిపోతుంది. ‘ముందు’ను మెడ ముందుభాగంగా గ్రహించి కాలం ఊసే ఎత్తకపోవడం తెలివైన పోకడ. టక్సిడోకు (రాత్రి విందులకు వేసే లాంఛనపు సూటుకు) పొడవు టై నవ్వు తెస్తుందన్నది కొంచెం కఠినమైన తీర్పే అయినా, సాంప్రదాయిక వేషంలో బో టైదే చోటు కనుక ఆక్షేపించను. ఒక్క షరతు: ముందే కట్టి క్లిప్పు తగిలించి అమ్మేదాన్ని వరుడు పెట్టుకుంటే, ముడి ‘పడెను’ అనడానికి వీలుండదు.

జోధ్‌పురీ బంద్‌గలా వేసుకున్న వరుడి మాటేమిటని అడిగిన మిత్రులకు నా సమాధానం: ఆ కోటు కాలరు మెడను చుట్టి మూసుకుని ఉంటుంది కాబట్టి టైకి అక్కడ చోటే లేదు, ఆయన ఈ సమస్యకు వెలుపలివాడు. కేంబ్రిడ్జి పరిశోధకులు థామస్ ఫింక్, యాంగ్ మావో 1999లో టై ముడులు 85 విధాలని గణితంతో తేల్చారు. పెళ్ళి ఇంట పనికివచ్చేవి మూడో నాలుగో అనుకున్నా, మామూలు కాలరుకూ మామూలు టైకీ అన్నిటికంటె సులువుగా ఒదిగిపోయే, విండ్సర్ కంటె చిన్నదైన హాఫ్ విండ్సర్ ముడిని ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. దాని మీద కనీసం ఒక్క పూరణ అయినా వచ్చేవరకు గడువును పొడిగిస్తున్నాను.