గురు అర్జన్, సోక్రటీస్: ఈ పోలిక పరిశోధనగా నిలుస్తుందా?

చిక్కడపల్లి విద్యార్థి అడిగిన ప్రశ్న:

నేను హైదరాబాద్‌లో తత్వశాస్త్రంలో పీజీ చేస్తున్నాను. క్రీ.పూ. 399లో ఏథెన్స్ న్యాయస్థానం సోక్రటీస్‌కు విధించిన మరణశిక్షనూ, 1606లో లాహోర్‌లో సిక్కుల ఐదో గురువు గురు అర్జన్ దేవ్ ప్రాణం తీసిన శిక్షనూ పక్కపక్కన పెట్టి సెమినార్ పత్రం రాయాలనుకున్నాను. రెండు చోట్లా మతపరమైన నేరారోపణ వెనుక రాజకీయం ఉన్నదన్నది నా వాదన. మా గైడ్ గారు మాత్రం, ఇద్దరు మహనీయులనూ రెండు మరణాలనూ కలిపి చెబితే అది సభలో ఉపన్యాసం అవుతుందే తప్ప పరిశోధన కాదని తేల్చేశారు. ఆయన మాటను తోసిపుచ్చలేను, అంశాన్ని వదులుకోబుద్ధీ కావడం లేదు. ఈ పోలిక ఎక్కడ నిలుస్తుంది, ఎక్కడ కూలిపోతుంది? లౌకికాధికారమూ (మీరీ), ఆధ్యాత్మికాధికారమూ (పీరీ) ఒకే చోట ఉండాలనే సిక్కుల మీరీ-పీరీ సిద్ధాంతాన్ని గ్రీకు నగర రాజ్యంతో పోల్చవచ్చునా అన్నది నా రెండో సందేహం.

కోఠీ పాఠకుడు:

మీ గైడ్ గారి అభ్యంతరం వ్యక్తులను పోల్చడం మీదనే అనుకుంటాను. ఆధారాలను పోల్చి చూడండి, అప్పుడు విషయం మారిపోతుంది.

సోక్రటీస్ స్వయంగా ఏమీ రాసి పెట్టలేదు. మనకు తెలిసిన సోక్రటీస్ ఆయన శిష్యులు ప్లేటో, జెనొఫన్ చూపిన మనిషి, హాస్య నాటకకర్త అరిస్టోఫనీస్ తన నాటకంలో వెక్కిరించిన మనిషి; ఈ మూడు చిత్రాలూ ఒకదానితో ఒకటి పొసగవు. నగరం గుర్తించే దేవతలను ఆయన గుర్తించడం లేదని, కొత్త దైవశక్తులను తెస్తున్నాడని, యువకులను చెడగొడుతున్నాడని మోపిన అభియోగం కూడా శిష్యుల రచనల ద్వారా, తర్వాతి కాలపు జీవిత చరిత్రల ద్వారా మాత్రమే మనకు చేరింది.

గురు అర్జన్ విషయంలో పరిస్థితి దీనికి పూర్తిగా వేరు. 1604లో సిక్కుల పవిత్ర గ్రంథమైన ఆది గ్రంథాన్ని కూర్చినవారు ఆయనే, అందులో అందరికన్నా ఎక్కువ రచనలు ఉన్నదీ ఆయనవే. శిక్షించినవాడి మాట కూడా మిగిలి ఉన్నది. గోయింద్వాల్‌లో అర్జన్ అనే వ్యక్తి హిందువులనూ, తెలియని ముస్లింలనూ తనవైపు తిప్పుకుంటున్నాడని, ఈ దుకాణాన్ని మూయించాలని చాలాకాలంగా తన మనసులో ఉన్నదని మొఘల్ చక్రవర్తి జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. తిరుగుబాటు చేసిన కొడుకు ఖుస్రో అటుగా వచ్చినప్పుడు గురువు అతని నుదుట కేసరి బొట్టు పెట్టాడన్న కబురు విన్నాక శిక్షకు ఆజ్ఞ ఇచ్చానని అక్కడే చెప్పాడు. అంటే మతపరమైన అసహనమూ, రాజద్రోహమన్న అనుమానమూ ఒకే పేరాలో, ఒకే కలం నుంచి వచ్చాయి.

ఏథెన్స్‌లో ఇలా జరగడానికి వీలు లేదు. ఏథెన్స్‌ను కొంతకాలం ఏలిన ముప్పై మంది నిరంకుశుల పాలన కూలిన తర్వాత, పాత రాజకీయ నేరాలను తిరగదోడరాదంటూ క్రీ.పూ. 403లో ప్రకటించిన క్షమాభిక్ష వల్ల, ఆ నిరంకుశుల్లో ముఖ్యుడైన క్రిటియస్‌తో సోక్రటీస్‌కు ఉన్న సాన్నిహిత్యాన్ని నేరంగా చూపడం కుదరదు. ఆ మాటను యాభై ఏళ్ల తర్వాత, క్రీ.పూ. 345లో, వక్త ఐస్కినీస్ ఏమాత్రం సంకోచం లేకుండా అనేశాడు: క్రిటియస్‌కు చదువు చెప్పినందుకే మీరు సోక్రటీస్‌ను చంపారు కదా అని న్యాయనిర్ణేతల ముందే గుర్తు చేశాడు. ఒకచోట రాజకీయ కారణాన్ని పైకి చెప్పలేరు, రెండో చోట దాచవలసిన అవసరమే లేదు. మీ పత్రానికి ఇదే ఆయువుపట్టు అని నా అభిప్రాయం.

దక్కనీ సిక్కు, అత్తాపూర్:

కోఠీ పాఠకుడు గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను, కానీ జతలు కట్టడంలో ఒక పొరపాటు దొర్లకుండా చూసుకోవాలి. శిష్యుల జ్ఞాపకాల నుంచి గురువును వెలికి తీయడం అనే చిక్కుకు సిక్కు చరిత్రలో సరైన జోడీ గురు అర్జన్ కాదు, గురు నానక్ జీవిత కథలైన జనమ్‌సాఖీలు. చరిత్రకారుడు డబ్ల్యూ. హెచ్. మెక్‌లాయిడ్ 1968లో ఆ కథలను ఒక్కొక్కటిగా జల్లెడ పట్టి, చరిత్రగా తీసుకోదగినది చాలా కొద్దిగానే ఉన్నదని నిర్ణయించినప్పుడు సిక్కు పండితుల్లో పెద్ద దుమారమే లేచింది. ఆ వాదం నేటికీ చల్లారలేదు. ప్లేటో సంభాషణలను ఎవరైనా అదే జల్లెడలో పోస్తే ఎవరికీ కోపం రాదు, ఎందుకంటే సోక్రటీస్ పేరున నేడు రోజూ దీపం పెట్టేవారు లేరు. ఆ తేడాను పత్రంలో దాటవేయకండి.

మరొక విషయం. గురు అర్జన్ అనుభవించిన హింసల వివరాలు మేము చిన్నప్పటి నుంచి వింటున్న రూపంలో తర్వాతి సంప్రదాయం నుంచి వచ్చాయి. సమకాలీన సాక్ష్యం జహంగీర్ రాతతో పాటు, అదే 1606 సెప్టెంబరులో లాహోర్ నుంచి జెసూట్ పాదిరీ జెరోం షావియర్ రాసిన లేఖ. ఈ సమకాలీన సాక్ష్యానికీ తర్వాతి సంప్రదాయానికీ మధ్య తేడాను చూపడం విశ్వాసాన్ని కించపరచడం కాదని ఒక సిక్కుగానే అంటున్నాను.

మాజీ అధ్యాపకుడు, నల్లకుంట:

రెండో సందేహం మీద ఎవరూ మాట్లాడలేదు కనుక రాస్తున్నాను. ఏథెన్స్‌లో దేవతల వ్యవహారాలు నగరం చేతిలో ఉండేవి. అసెంబ్లీ మొదలయ్యే ముందు పందిపిల్లను బలి ఇచ్చి సభాస్థలాన్ని శుద్ధి చేసేవారు, ప్రజలను మోసగించే వక్తను వార్తాహరుడు శపించేవాడు. ఎథీనా దేవి ధనాగారాన్ని తెగకొకరు చొప్పున చీటీ తీసి ఎంచిన 10 మంది కోశాధికారులు ఏడాదిపాటు చూసేవారు. వారు తర్వాతివారికి ఏ వెండి పాత్రను ఏ తూకంతో అప్పగించారో రాతి పలకల మీద చెక్కించేవారు. మీరీ-పీరీ ఇందుకు ఎదురు దిశ నుంచి వచ్చింది. గురు అర్జన్ కుమారుడు, ఆరో గురువు అయిన గురు హర్‌గోబింద్ రెండు ఖడ్గాలు ధరించి, హరిమందిర్‌కు (స్వర్ణ దేవాలయానికి) ఎదురుగా అకాల్ తఖ్త్ అనే అధికార పీఠాన్ని నిలిపినప్పుడు, రాజ్యం మతాన్ని నడపలేదు. పరాయి సామ్రాజ్యం కింద ఉన్న మత సమాజమే లౌకికాధికారాన్ని తన చేతిలోకి తీసుకున్నది.

ఏథెన్స్ అసెంబ్లీకి దగ్గరగా వచ్చేది 18వ శతాబ్దపు సర్బత్ ఖాల్సా, అంటే సిక్కుల సర్వసభ. వైశాఖీకీ దీపావళికీ అకాల్ తఖ్త్ దగ్గర కూడి, గ్రంథం సన్నిధిలో చేసిన తీర్మానాన్ని గుర్‌మతా అనేవారు. అయితే ఏథెన్స్‌లో తీర్మానం చేతులెత్తే ఓటుతో నెగ్గేది, చట్టవిరుద్ధమని దానిపై దావా వేయవచ్చు కూడా. గుర్‌మతా గురువు సంకల్పంగా చెల్లేది. రంజిత్ సింగ్ 1805 తర్వాత ఈ పద్ధతికి స్వస్తి పలికాడు. రాజుకు అటువంటి సభ ఎందుకు నచ్చుతుంది?

దక్కనీ సిక్కు, అత్తాపూర్:

అధ్యాపకుల వారికి నమస్కారం. ఒక చిన్న సవరణ: గుర్‌మతా పవిత్రమే అయినా మిసళ్ల (సిక్కు సైనిక దళాల) సర్దారులందరూ దానికి ఎల్లప్పుడూ కట్టుబడలేదు, వారి మధ్య తగవులు సాగుతూనే ఉండేవి.

కోశాధికారుల సంగతికి మాత్రం మన దగ్గరే ఒక ఉదాహరణ ఉన్నది. గురు గోబింద్ సింగ్ 1708లో తనువు చాలించిన నాందేడ్ 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనిది. అక్కడి తఖ్త్ నిర్వహణకు బోర్డును ఏర్పరిచిన 1956 నాటి చట్టం హైదరాబాద్ శాసనసభ చేసినదే. విద్యార్థి గారు ఆ చట్టం పాఠాన్ని ముందేసుకొని, బోర్డు సభ్యులను ఎవరు నియమిస్తారు, లెక్కలు ఎవరికి చూపాలి అనే నిబంధనలను ఏథెన్స్ రాతి పలకలతో పోల్చి చూస్తే, గైడ్ గారు అభ్యంతరం చెప్పరనే అనుకుంటున్నాను.