అప్‌డేట్: అడయార్ ఒడ్డున వాకింగ్ ట్రాక్ సంగతి

పోయిన నెల అడిగా కదా, చెన్నైలో అడయార్ నది ఒడ్డున కాంక్రీట్ వాకింగ్ ట్రాక్, షాపులు రావాలని మా అపార్ట్‌మెంట్‌లో సంతకాలు తీసుకుంటున్నారు, పెట్టాలా వద్దా అని. పెట్టలేదండీ. మీరన్నట్టే ఆటు టైంలో ఒకసారి, పోటు టైంలో ఒకసారి వెళ్ళి చూశా, పొద్దున కొంగలు తిరిగిన బురదలోనే మధ్యాహ్నానికి నీళ్ళు, దాన్నే వీళ్ళు ఖాళీ జాగా అంటున్నారు! 2019 సీఆర్‌జెడ్ (తీరం పక్కన కట్టడాలని అదుపు చేసే కేంద్రం రూల్స్) నోటిఫికేషన్‌లో ఆటుపోట్లు తగిలే నదులకి పోటు గీత (పోటు నీళ్ళు పైకి వచ్చే హద్దు) నుంచి 50 మీటర్లు లేదా నది వెడల్పు, ఏది తక్కువైతే అంతవరకే రూల్స్, 2011లో ఈ 50 బదులు 100 ఉండేది, తగ్గించడం అన్యాయం అనిపించింది నాకైతే. 2015 డిసెంబర్‌లో ఇదే నది సైదాపేట ఇళ్ళలోకి వచ్చింది, మర్చిపోయారా అని మీటింగ్‌లో అడిగా. ఇద్దరు పెద్దాళ్ళు సంతకాలు వెనక్కి తీసుకున్నారు. అభ్యంతరం లెటర్ రాశా, సోమవారం ఇచ్చొస్తా.