సైన్యంలో పాద్రీగా చేరాలంటే: బెంగళూరుకు కొత్తగా వచ్చిన తమ్ముడి ప్రశ్న

కొత్తనూరు నుంచి

పెద్దలందరికీ ప్రభువు నామమున వందనాలు. మాది నంద్యాల దగ్గర పల్లె. బి.ఏ. తర్వాత దైవశాస్త్రంలో బి.డి. పూర్తిచేసి, ఆరు నెలల క్రితం అన్నయ్య దగ్గరకు వచ్చాను. ఆదివారాలు ఇక్కడి తెలుగు సంఘంలో వాక్యం చెబుతున్నాను. వయసు 26. సైన్యంలో పాద్రీగా సేవ చేయాలని ఇంటర్ చదివే రోజుల నుంచి కోరిక. బెంగళూరులో ఎవరిని కలవాలి? బి.డి. చూపించి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చా? కెప్టెన్ హోదా ఇస్తారని ఒకరు చెప్పారు, నిజమేనా?

అల్సూరు నుంచి, రిటైరైన సుబేదారు

తమ్ముడూ, వందనాలు. ముందు ఆ కెప్టెన్ మాట మనసులోంచి తీసెయ్యి. అమెరికాలో, బ్రిటన్‌లో పాద్రీలు ఆఫీసర్లు. మన సైన్యంలో పాద్రీ జేసీవో, అంటే జూనియర్ కమిషన్డ్ ఆఫీసరు, జవాన్లకూ పై ఆఫీసర్లకూ నడుమ మెట్టు. చేరేటప్పుడు నాయబ్ సుబేదార్ హోదా. ఆ ఉద్యోగం పేరు రిలీజియస్ టీచర్. పండిట్, సిక్కుల గ్రంథి, మౌల్వీ, పాద్రీ, బౌద్ధ భిక్షువు, అందరూ అందులోకే వస్తారు. తక్కువ హోదా అనుకోకు. జవాన్ల మధ్య మసలేది జేసీవోయే. జవాను మనసు విప్పేదీ ఆయన దగ్గరే.

నీ ఉత్తరంలో నేను వెతికిన మాట ఒకటి కనబడలేదు. నీకు గురుపట్టాభిషేకం అయిందా? బి.డి. చదువుకు గుర్తు, అభిషేకం వేరు. సైన్యం ప్రకటనలో పాద్రీకి అడిగేది ఇది: తగిన సంఘాధికారుల చేత అభిషేకం పొంది ఉండాలి, స్థానిక బిషప్పు ఆమోదించిన జాబితాలో ఇప్పటికీ పేరు ఉండాలి. దీనికి తోడు ఏదైనా డిగ్రీ. స్వతంత్ర సంఘాలలో పెద్ద పాస్టరు తలమీద చేతులుంచి ప్రార్థించి పంపడం మనకు ఎంత విలువైనదైనా, ఆ కాగితం స్థానంలో అది నిలుస్తుందని ఆశపెట్టుకోకు. ఇలా ఇద్దరు పిల్లలు ఏళ్లు పోగొట్టుకోవడం కళ్లారా చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. నువ్వు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) అయితే ముందు డీకన్, అంటే సహాయ గురువు, తర్వాత ప్రెస్బిటర్, అంటే పూర్తి గురువు. అంటే నీ దారి ఇక్కడి రిక్రూటింగ్ ఆఫీసు దగ్గర మొదలుకాదు, నంద్యాలలో మీ బిషప్పుగారి దగ్గర మొదలవుతుంది. బిషప్పు లేని శాఖలవారైతే తమ శాఖ ఇచ్చే పత్రం చెల్లుతుందో లేదో రిక్రూటింగ్ ఆఫీసును రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

వయసు సాధారణంగా 25 నుంచి 34 ఏళ్లు. ఏ తేదీ నాటికి లెక్కిస్తారో ఆ ఏటి ప్రకటనలో చూసుకో. నీకు సమయం ఉంది, తొందరపడి అభిషేకాన్ని పక్కన పెట్టకు. ఎత్తు 160 సెంటీమీటర్లు, ఛాతీ 77, పరుగు 1,600 మీటర్లు 8 నిమిషాలలో. రాతపరీక్షలో ఒక పేపరు సామాన్య జ్ఞానం మీద, ఇంకొకటి నీ మతం మీద. తర్వాత ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష. ఎంపికైనవారికి పుణెలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ నేషనల్ ఇంటిగ్రేషన్‌లో శిక్షణ.

ఖాళీల సంగతి కూడా దాచను. 2022లో వచ్చిన ప్రకటనలో మొత్తం 128 ఖాళీలుంటే పాద్రీలకు 2. దేశమంతటికీ రెండు. దరఖాస్తు సైన్యం వెబ్‌సైటులోనే పెట్టాలి. డబ్బు తీసుకుని చేర్పిస్తామని ఎవరైనా వస్తే, సంఘంవారైనా సరే, నమ్మకు. ఎంపిక కాకపోతే ఏం చేస్తావో కూడా ఇప్పుడే ప్రార్థించి తేల్చుకో.

ఇక పని గురించి. వాక్యం బాగా చెబుతావని అర్థమవుతోంది, సంతోషం. కానీ అక్కడ వాక్యం చెప్పేది కొద్దిసేపే. రోగుల దగ్గర కూర్చోవడం, భూస్థాపనలు, శిక్ష అనుభవిస్తున్న జవాన్లను చూసి రావడం, పిల్లలకు బోధించడం, ఇవీ నీ విధులే. నా కళ్లముందు జరిగింది ఒకటి చెబుతాను. 1990లలో కామెర్లతో మిలిటరీ ఆసుపత్రిలో ఉన్నాను. పక్క మంచం మీద ఒక మిజో కుర్రాడు, కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. పాద్రీ సాబ్ మలయాళీ. రోజూ సాయంత్రం వచ్చి, స్టూలు లాక్కుని, కమలాపండు ఒలిచి ఒక్కొక్క తొన కుర్రాడి ఎడమచేతిలో పెట్టేవారు. నాలుగు రోజులు ప్రార్థన మాటే ఎత్తలేదు. ఐదో రోజు ఆ అబ్బాయి అమ్మకు ఉత్తరం రాయాలన్నాడు. పాద్రీ సాబ్‌కు మిజో భాష ఒక్క ముక్క రాదు. ఆ భాషను ఇంగ్లీషు అక్షరాలతోనే రాస్తారు కదా, కుర్రాడు ఒక్కొక్క అక్షరం చెబుతుంటే ఆయన ఇన్‌లాండ్ కవరు మీద దించుకుంటూ పోయారు. గంటకు పైగా పట్టింది. చివర ఆయన చదివి వినిపిస్తే ఉచ్చారణకు కుర్రాడు పగలబడి నవ్వాడు. నవ్వి, నవ్వి, ఏడ్చాడు. అప్పుడు అడిగాడు, ప్రార్థన చేయండి సాబ్ అని.

ఆ ఉత్తరంలో ఏముందో పాద్రీ సాబ్‌కు ఇప్పటికీ తెలియదు. నీకు అంత ఓపిక ఉందా తమ్ముడూ? ఉంటే మిగిలినవన్నీ నేర్చుకోవచ్చు.

ఆ పాద్రీ సాబ్ సెలవు మీద వెళ్లిన వారం పండిట్‌జీ వచ్చి ఆ మంచం దగ్గరే కూర్చున్నారు. సైన్యంలో ఒకరి మనిషిని ఇంకొకరు చూసుకుంటారు. చాలా యూనిట్లలో సర్వధర్మ స్థల్ ఉంటుంది, ఒకే కప్పు కింద మందిరం, గురుద్వారా, మసీదు, చర్చి. యూనిట్ కార్యక్రమాలలో నువ్వు పండిట్‌జీ పక్కన నిలబడాలి, ఆయన నీ పక్కన నిలబడతారు. రెజిమెంటు పూజలో గర్భగుడిలోకి వెళ్లనన్న ఒక క్రైస్తవ ఆఫీసరును సైన్యం తొలగిస్తే, 2025లో ఢిల్లీ హైకోర్టు, ఆ తర్వాత సుప్రీంకోర్టు ఆ తొలగింపును సమర్థించాయి. ఆ వార్తలు తీసి చదువు. మీ గురువులతో, బిషప్పుగారితో ఆ విషయం చేరకముందే మాట్లాడు. నీ మనస్సాక్షి ఎక్కడ నిలుస్తుందో యూనిఫాం వేసుకున్నాక వెతుక్కుంటే నీకూ కష్టం, నిన్ను నమ్ముకున్న జవాన్లకూ కష్టం. మతమార్పిడి ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఈ దారికి రావద్దు. ఆ జవాను నీకు అప్పగించిన బాధ్యత, నీ సంఘానికి కొత్త సభ్యుడు కాదు.

ఒక ఆదివారం మహాత్మాగాంధీ రోడ్డు చివర హోలీ ట్రినిటీ చర్చికి వెళ్లు. 1851లో ఇంగ్లీషు సైనికుల కోసం కట్టింది. గోడల మీద జ్ఞాపక ఫలకాలు నిదానంగా చదువు.

జాలహళ్లి నుంచి

తమ్ముడూ, అన్నగారు అన్నీ చెప్పారు, నేను ఇంటి మాట చెబుతాను. మావారు సైన్యంలో 19 ఏళ్లు చేశారు. ఫీల్డ్ పోస్టింగ్ వస్తే భార్యాపిల్లలను తీసుకువెళ్లే వీలుండదు. నీకు సంబంధాలు చూస్తున్నారో లేదో తెలియదు, చూస్తుంటే ఆ అమ్మాయికి ఈ సంగతి పెళ్లిచూపులలోనే చెప్పు. మా పెద్దవాడు పుట్టినప్పుడు ఈయన సరిహద్దులో ఉన్నారు. ఆసుపత్రికి వచ్చి బిడ్డను ఎత్తుకుని దీవించింది యూనిట్ పాద్రీగారు, ఆయన భార్య. ఆమె ఇంటి నుంచి మిరియాల చారు, అన్నం తెచ్చారు. ఆ స్టీలు క్యారియరు మూత మీద ఆమె పేరు చెక్కి ఉండేది, ఇప్పటికీ గుర్తుంది. పాద్రీ సేవలో సగం ఆయన ఇల్లాలిదే.

కొత్తనూరు నుంచి

అన్నా, అక్కా, మీకు చాలా కృతజ్ఞతలు. సీఎస్ఐనే, కానీ అభిషేకం ఇంకా కాలేదు. వచ్చే వారం ఊరికి వెళ్లి బిషప్పుగారిని కలవడానికి సమయం అడుగుతాను. ఒక భయం ఉంది. నాకు హిందీ చదవడం వచ్చు, మాట్లాడటం రాదు.

అల్సూరు నుంచి

మాట్లాడటం రాకపోతే అక్కడ ఒక్కరోజు కూడా గడవదు తమ్ముడూ. నీ ముందు కూర్చునేది నాగా, మిజో, ఒడియా, మలయాళీ పిల్లలు, అందరినీ కలిపేది హిందీయే. ఈ రోజు నుంచి హిందీ బైబిలులో రోజుకో కీర్తన పైకి చదువు. నువ్వు ఊరి నుంచి వచ్చాక శనివారం ఉదయం ఐదున్నరకు అల్సూరు చెరువు దగ్గరకు రా. నేను రోజూ అక్కడే నడుస్తాను. గడియారం నేను పట్టుకుంటాను, నువ్వు పరుగెత్తు. తర్వాత మా ఇంట్లో ఇడ్లీ తింటూ హిందీలోనే మాట్లాడుకుందాం. బిషప్పుగారు ఏమన్నారో కూడా హిందీలోనే చెప్పాలి.