ఇంజనీరింగ్ మేనేజర్‌గా మారినవాళ్లు ఉన్నారా? బెజవాడ, గుంటూరు వాళ్ల అనుభవాలు కావాలి

కానూరు_కోడ్
అందరికీ నమస్తే. పదేళ్లకు పైగా ఆండ్రాయిడ్ మీద పనిచేస్తున్నాను. కోవిడ్ టైమ్‌లో హైదరాబాద్ నుంచి వచ్చేశాక బెజవాడలో ఇంటి నుంచే పని. ఇప్పుడు మా కంపెనీలో ఇంజనీరింగ్ మేనేజర్ పోస్టు ఇస్తామంటున్నారు. మామూలు జనం బిల్లులు కట్టుకునే యాప్. కోడ్ రాయడం తగ్గితే తర్వాత మార్కెట్లో విలువ ఉంటుందా? ఇక్కడ కూర్చుని చేయగలిగే పనేనా? అసలు ఇలాంటి ప్రాడక్ట్‌లో మేనేజర్ రోజంతా ఏం చేస్తాడు? చేసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

గుణదల_గట్టు
మీ మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. క్లయింట్ ప్రాజెక్టుల్లో తేడా వస్తే అవతలివాళ్లు ఫోన్ చేసి నిలదీస్తారు. జనం వాడే యాప్‌కి ఆ ఫోన్ రాదు. విసుగొస్తే తీసేసి ఇంకోటి వేసుకుంటారు. అందుకని అవతల మనిషికి ఏం జరుగుతోందో కనిపెట్టి టీమ్ ముందు పెట్టడం ఈ పనిలో సగం.

రిలీజ్ సంగతే తీసుకోండి. ప్లే స్టోర్‌లో కొత్త వెర్షన్‌ని ముందు కొద్ది శాతం మందికి వదిలి, క్రాష్‌లు చూసుకుంటూ పెంచుతాం. తేడా కనిపిస్తే అక్కడితో ఆపొచ్చు. కానీ అప్పటికే ఎక్కించుకున్నవాళ్ల ఫోన్లలో పాతది వెనక్కి రాదు, ఇంకా పెద్ద నంబరుతో కొత్త వెర్షన్ పంపాల్సిందే. రోజూ వాడేవాళ్లలో 1.09 శాతం మందికి కళ్లెదుటే క్రాష్ అయినా, 0.47 శాతం మందికి యాప్ బిగుసుకుపోయినా, స్టోర్‌లో ఆ యాప్ కనబడటం తగ్గించే పద్ధతి గూగుల్‌కి ఉంది. ఈ అంకెలు డెవలపర్లకీ తెలుసు. పండగ ఆఫర్ కోసం మార్కెటింగ్ వాళ్లు తొందరపెడుతుంటే "5 శాతం దగ్గర ఆపుదాం, సోమవారం చూద్దాం" అని చెప్పి ఆ మాట మీద నిలబడాల్సింది మాత్రం మీరే.

ఇంకోటి. టీమ్‌లో అందరి చేతుల్లో మంచి ఫోన్లే ఉంటాయి. నేను 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఫోన్లు కొని అందరికీ పంపిస్తాను. వాటిలో మన యాప్ నుంచి యూపీఐ యాప్‌కి వెళ్లి, పిన్ కొట్టి తిరిగొచ్చేలోపు మెమరీ చాలక ఆండ్రాయిడ్ మన యాప్‌ని మూసేసి ఉంటుంది. డబ్బు కట్టినట్టు చూపించాల్సిన స్క్రీన్ పోయి మొదటి పేజీ వస్తుంది. కరెంటు బిల్లు కట్టిన మనిషికి డబ్బులు పోయాయేమోనని టెన్షన్, మళ్లీ కడతాడు. ఖరీదైన ఫోన్లో ఇది ఎప్పటికీ కనిపించదు. ఆ స్క్రీన్ ఎక్కడ ఆగిందో గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడికే తీసుకురావడానికి రెండు వారాల పని పడుతుందంటే, కొత్త ఫీచర్ ఒకటి పక్కన పెట్టించి ఆ రెండు వారాలు సంపాదించి పెట్టడం మేనేజర్ వంతు.

బ్రాడీపేట_4_14
గట్టు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఇక్కడ కూర్చుని చేయగలమా అన్నారు కదా, దానికి నా మాట చెప్తాను. నేను గుంటూరు నుంచే టీమ్ నడుపుతున్నాను. మనవాళ్లకి నా ఐడీ చూడగానే అర్థమవుతుంది: నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో అడ్రసు ఇలాగే చెప్తాం. మా యాప్ అడ్రసు ఫారం మాత్రం 4/14ని డోర్ నంబరనుకునేది. డెలివరీ కుర్రాడు ఎక్కడికో వెళ్లి ఫోన్ చేసేవాడు. అడ్రసు రాసిన మనిషి తప్పేం లేదు. బయటి ఊళ్లో ఉన్న టీమ్‌కి ఇది డేటాలో ఎప్పుడూ దొరకలేదు, ఎందుకంటే చివరికి ఫోన్లో దారి చెప్పించుకుని సరుకు చేర్చేవాళ్లు, లెక్కలో అది డెలివరీ అయినట్టే. నేను డెలివరీ చేసే కుర్రాళ్లతో మాట్లాడి, వాళ్లు చేసిన కాల్స్ సంఖ్యని కొలతగా పెట్టించాను. అప్పుడు కదిలింది పని.

తెలుగు స్క్రీన్ల విషయంలోనూ అంతే. ఇంగ్లీషు అక్షరాల ఎత్తుకి బటన్ గీస్తే "లక్ష్మి"లో కింది ఒత్తు తెగిపోతుంది. "నిర్ధారించండి" అని రాస్తే బటన్‌లో పట్టదు, చివర చుక్కలొస్తాయి. ఎస్సెమ్మెస్ ఇంగ్లీషులో 160 అక్షరాలు పడితే తెలుగులో 70 దాటగానే రెండు ముక్కలవుతుంది. ఆ 70లో గుణింతం గుర్తు, ఒత్తు కూడా విడివిడిగా లెక్కే. ఓటీపీ మెసేజ్ రాసేటప్పుడు అంకె ముందుండాలని నేను పట్టుబట్టేది అందుకే. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లు మన "జ్ఞా" దగ్గర క్రాష్ అయ్యాయి, గుర్తుందా? జ్ఞకీ దీర్ఘానికీ మధ్య కంటికి కనబడని ఒక యూనికోడ్ గుర్తు ఉంటే మెసేజ్ యాప్‌లు తెరుచుకోకుండా పడిపోయేవి. ఐఓఎస్ 11.2.6తో సర్దారు. అంత పెద్ద కంపెనీ పరీక్షల్లోంచే మన భాష జారిపోయింది. తెలుగు చదవగలిగిన మేనేజర్ ఒక్కరుంటే మన టీమ్‌లో ఆ పరీక్షలు రాయించొచ్చు. ఈ ఊళ్లో ఉండటం మీకు లోటు అని ఎవరన్నా ఒప్పుకోకండి.

తెనాలి_ప్యాసింజర్
అన్నా, రిస్కు కూడా చూసుకో. 2023లో మెటా మేనేజర్లలో చాలామందిని తిరిగి ఇంజనీర్లుగా మారమంది. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్ సీఈఓ ఆండీ జాస్సీ, మేనేజర్లతో పోలిస్తే పనిచేసేవాళ్ల నిష్పత్తి కనీసం 15 శాతం పెరగాలని ఉద్యోగులకు రాశాడు. కోత పెట్టాలంటే మధ్యలోవాళ్లే ముందు కనిపిస్తారు. మేనేజర్ కాకుండా ఇంజనీర్‌గానే పైకెళ్లే స్టాఫ్ ఇంజనీర్ దారి ఉంటే అది అడుగు. జీతం కూడా దాదాపు సమానంగానే ఉంటుంది చాలాచోట్ల.

గుణదల_గట్టు
@తెనాలి_ప్యాసింజర్ భయం అనవసరం అనను. కానీ దానికి మందు కోడ్ రాస్తూ కూర్చోవడం కాదు తమ్ముడూ. మేనేజరు కీలకమైన కోడ్ తన దగ్గర పెట్టుకుంటే మీటింగుల మధ్యలో అది ఆలస్యమై టీమంతా ఆగుతుంది. డిజైన్ డాక్యుమెంట్లు చదవడం, కోడ్ రివ్యూ, క్రాష్ రిపోర్టులు స్వయంగా తిరగేయడం, ఇవి వదలకపోతే చాలు. ఇంటర్వ్యూల్లో అడిగేవి కూడా ఇవే.

సింగ్‌నగర్_రెండో_అంతస్తు
నేను మేనేజర్‌ని కాదు, మేనేజర్ కింద పనిచేసేవాణ్ణి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు కింది అంతస్తు మునిగి మేం పైన ఇరుక్కుపోయాం. కరెంటు లేదు, సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. ఆ వారం ఆన్‌కాల్, అంటే ఏ వేళ సమస్య వచ్చినా చూసుకునే డ్యూటీ, నాది. నేను అడగకముందే మా మేనేజర్ మేడమ్ డ్యూటీ వేరేవాళ్లకి మార్చి, "ఫోన్ ఛార్జింగ్ దాచుకోండి, రిప్లై ఇవ్వక్కర్లేదు" అని ఒక్క మెసేజ్ పెట్టారు.

నీళ్లు తీశాక తిరిగొస్తే ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, అమ్మావాళ్లు ఎలా ఉన్నారని. రెండోది కొన్నాళ్లాగి అడిగారు: ఆ రోజుల్లో ఫోన్లో ఏ యాప్ పనిచేసింది, ఏది చేయలేదు? చెప్పాను. మా యాప్ సిగ్నల్ దొరక్కపోతే ఆపకుండా సర్వర్‌ని అడుగుతూనే ఉండి బ్యాటరీ తినేసింది. తర్వాత మూడు నెలల ప్లాన్‌లో దాన్ని పెట్టించారు. ఇప్పుడు ఒక్కో ప్రయత్నానికీ మధ్య ఎడం పెరుగుతూ పోతుంది, చివరిసారి వచ్చిన సమాచారం ఫోన్లోనే ఉండి కనిపిస్తుంది. ఆవిడ ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్లడానికి మా టీమ్‌లో అందరం రెడీ. మేనేజర్ విలువ మార్కెట్లో ఎంతో నాకు తెలియదు, మాకు మాత్రం బాగా తెలుసు.

కానూరు_కోడ్
చదువుతుంటే ధైర్యం వచ్చింది, అందరికీ థాంక్స్. అప్రైజల్ గురించి కూడా చెప్పండి. నిన్నటిదాకా కలిసి టీ తాగినవాళ్లకి రేటింగ్ వేయాలి. నాకు నిద్రపట్టనిది అదే.

బ్రాడీపేట_4_14
రేటింగ్ మీరొక్కరే వేయరు. మేనేజర్లందరూ కూర్చుని ఒకరి టీమ్‌తో ఇంకొకరి టీమ్‌ని పోల్చే మీటింగ్ ఉంటుంది. అక్కడ "బాగా చేస్తాడండి" అన్న మాట నిలవదు. ఎవరు ఏ చిక్కు విప్పారో, దానివల్ల ఏం మారిందో వారం వారం రాసి పెట్టుకోండి. ముఖ్యంగా నోరు విప్పనివాళ్ల గురించి. మన కాలేజీల నుంచి వచ్చిన పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఇంగ్లీషులో తడబడతామని కాల్‌లో మాట్లాడరు, రాత్రికి రాత్రి సమస్య మాత్రం తీర్చేస్తారు. ఆ మీటింగ్‌లో వాళ్ల తరఫున మాట్లాడే గొంతు మీదొక్కటే. చెడ్డ మాట ఉంటే ఆ వారమే విడిగా చెప్పేయండి. ఏడాది చివర మొదటిసారి వినిపిస్తే ఎవరికైనా గుండె మండుతుంది. ఇక దూరం నుంచి నడిపేటప్పుడు మూడు నెలల ప్లానింగ్‌కి మాత్రం మనిషి వెళ్లాల్సిందే. అక్కడ గదిలో లేనివాళ్ల పనికే ముందు కోత పడుతుంది. టికెట్ ఖర్చు కంపెనీ పెడుతుందని ఆఫర్‌లో రాయించుకోండి.

కానూరు_కోడ్
అయితే ఒప్పుకునే ముందు హెచ్చార్‌ని మూడు అడుగుతాను మేడమ్. ప్రయాణ ఖర్చులు, కుదరకపోతే మళ్లీ ఇంజనీర్‌గా వెనక్కి రావచ్చా అన్నది, పాత ఫోన్లు కొనడానికి బడ్జెట్. ఇంకేమైనా ఉందా?

గుణదల_గట్టు
రిలీజ్ ఆపే అధికారం మీకే ఉంటుందా, పైవాళ్లని అడగాలా? అది మీ పై మేనేజర్‌ని అడగండి, హెచ్చార్‌కి తెలియదు. కొత్తవాళ్లని తీసుకునే ఇంటర్వ్యూల్లో చివరి మాట ఎవరిదో కూడా.