చెక్క పడవను మ్యూజియంలో పెట్టడం కాపాడటమా, చంపడమా?

గాలివాటం:
సుహైలీ గురించి చదివినప్పటి నుంచి ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. 1960ల మొదట్లో బొంబాయి వడ్రంగులు చేతి పనిముట్లతో టేకు చెక్కి కట్టిన 32 అడుగుల తెరచాప పడవ అది. నీళ్లలోకి దించేటప్పుడు ముందుకొమ్ము మీద కొబ్బరికాయ కొట్టారు. గల్ఫ్‌లో అరబ్బు నావికులు ఆగ్నేయపు గాలిని పిలిచే పేరే దానికి పెట్టారు. యజమాని రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండ్‌లోని ఫాల్‌మత్ నుంచి బయల్దేరి, ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టి 1969 ఏప్రిల్ 22న అక్కడికే చేరాడు. అలా చుట్టిన మొదటి మనిషి ఆయనే. దారిలో నీటి మట్టానికి కింద పలకల సందు తెరుచుకుంటే, సముద్రంలోకి దూకి ఆ సందు మీద కాన్వాసు గుడ్డ, దానిపైన రాగి రేకు పెట్టి మేకులు కొట్టాడు. సొరచేప వస్తే పైకెక్కి తుపాకీతో కాల్చి, మళ్లీ దిగి పని పూర్తి చేశాడు.

అన్ని దెబ్బలు తట్టుకున్న పడవను తర్వాత గ్రీనిచ్ మ్యూజియంలో పెడితే, ఆ పొడిగాలికి పలకలు కుదించుకుపోవడం మొదలైంది. చూడలేక 2002లో యజమానే బయటికి తెచ్చుకున్నాడు. అందుకే నా మాట ఒకటే. చెక్క పడవ చోటు నీళ్లే.

లెక్కల మాస్టారు:
గాలివాటం గారూ, మీ బాధ అర్థమైంది. కానీ జిప్సీ మాత్ 4 సంగతి కూడా చూడండి. 65 ఏళ్ల వయసులో ఫ్రాన్సిస్ చిచెస్టర్ ఒంటరిగా, ఒక్క సిడ్నీలోనే ఆగి ప్రపంచాన్ని చుట్టిన పడవ. 1966 ఆగస్టులో ప్లిమత్ వదిలి 1967 మే 28న తిరిగొచ్చాడు. దాన్ని బాగుచేసి 2005లో మళ్లీ ప్రపంచయాత్రకు పంపారు. ఏడాది తిరక్కుండానే, 2006 ఏప్రిల్‌లో, ఫ్రెంచ్ పాలినేషియాలోని రంగిరోవా దగ్గర పగడపు దిబ్బకు కొట్టుకుంది. పొట్ట చిల్లుపడింది. దాదాపు వారం పాటు అక్కడే ఇరుక్కుపోయింది. ఇంకొక్క పెద్ద అల పడితే మనకు మిగిలేది ఫొటోలే.

మ్యూజియం అంటేనే చావు అనకండి. 1628లో మునిగిన వాసా ఓడను స్వీడన్ వాళ్లు 1961లో పైకి తీసి, ఏళ్ల తరబడి రసాయనం చల్లి నిలబెట్టారు. తప్పు మ్యూజియంది కాదు, తేమ చూసుకోకపోవడంది.

కోరంగి పడవ:
మాది తాళ్లరేవు పక్క. మా తాతగారు పడవలు కట్టేవారు, కాబట్టి ఈ మాట ఊరికే అనడం లేదు.

ఎండాకాలంలో ఎడ్లబండి చక్రం చూశారా? కర్ర ఎండి కుదించుకుంటే ఇనుప పట్టా వదులైపోతుంది. చెరువులో ఒక రాత్రి నానబెడితే మళ్లీ బిగుసుకుంటుంది. పడవ కూడా అంతే. నీళ్లలో ఉంటే పలక ఉబ్బి పక్క పలకను నొక్కుతుంది, సందు మూసుకుంటుంది. ఒడ్డున ఎండబెడితే సందుల్లో దూర్చిన నూలు వదులై ఊడొస్తుంది. ఇంకో సంగతి, చెక్కకు ఉప్పునీటి కంటే వాననీరే ప్రమాదం. జిప్సీ మాత్‌ను 1968 నుంచి 2004 దాకా గ్రీనిచ్‌లో ఆరుబయట కాంక్రీటులో నిలబెట్టారు. ముప్ఫై ఆరేళ్ల వాన! కుళ్లకుండా ఎలా ఉంటుంది మాస్టారూ? దిబ్బ చేసిన గాయాన్ని న్యూజిలాండ్‌లో కొన్ని వారాల్లో మాన్పగలిగారు.

వాసాతో పోలిక నాకు నచ్చలేదు. అది ఇంక తేలే ఓడ కాదు. వీటికి ఇంకా ప్రాణం ఉంది.

గాలివాటం:
నేను మొదట సరిగా చెప్పని మాట ఒకటుంది. అసలు తేడా యజమాని దగ్గర వచ్చిందని నాకు ఇప్పుడు అనిపిస్తోంది. చిచెస్టర్‌కు తన పడవంటే ఇష్టం లేదు. దాని చుక్కాని తిప్పడానికి ఏనుగు కావాలని విసుక్కున్నాడు. యాత్ర అయ్యాక దాని కోసం కొట్లాడే మనిషి చాలా ఏళ్లు లేడు. చివరికి ఒక పౌండు, ఒక గ్లాసు జిన్ అండ్ టానిక్ ధరకు చేతులు మారింది! బాగుచేసి, తిప్పి, 2010లో మళ్లీ అమ్మేశారు. సుహైలీని మాత్రం కట్టించిన మనిషే దశాబ్దాల పాటు అంటిపెట్టుకున్నాడు. తుప్పు పట్టిన ఇనుప బోల్టులు కూడా తన చేతులతోనే మార్చుకున్నాడు.

నా టెన్షన్ కూడా అక్కడే. ఆయన 1939లో పుట్టాడు. ఆయన తర్వాత ఆ పడవ ఏ సందులో నీరు ఊరుతుందో ఎవరికి తెలుస్తుంది?

కోరంగి పడవ:
ఇప్పుడే ఇద్దరు కుర్రాళ్లకు నేర్పాలండీ. మా తాతగారి పని మా ఇంట్లో ఎవరూ నేర్చుకోలేదు. నేను కూడా. పలకను వేలితో తట్టి లోపల పుచ్చిందో లేదో చెప్పేవారు. ఆ శబ్దం నాకు గుర్తుంది కానీ తేడా తెలియదు.

లెక్కల మాస్టారు:
రేవులో నీళ్ల మీదే ఉంచండి, పైన వాన పడకుండా కప్పు వేయండి, కుర్రాళ్లకు నేర్పండి. అంతవరకు ఒప్పుకుంటాను. మహాసముద్రం మీదికి పంపడానికి మాత్రం ఒప్పుకోను. అలాంటిది ఇంకొకటి కట్టొచ్చు, ఆ కొబ్బరికాయ కొట్టించుకున్న పడవ మాత్రం ఒక్కటే.

గాలివాటం:
తీరం వెంట తెరచాప ఎత్తి తిప్పనివ్వండి మాస్టారూ. అదీ వద్దంటే నేను ఒప్పుకోలేను.